ట్యాంకు మీద పేరు

గ్రేటర్ నోయిడా
13 జూలై 2025

అత్తా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను. ముందు నిన్ను తిట్టాల్సింది ఉంది.

ఫిబ్రవరిలో నన్ను ఉప్పాడ నుంచి రప్పించేటప్పుడు ఏం చెప్పావు? పరిశోధనా కేంద్రం అన్నావు. మన తెలుగువాడే, ఉగాది భోజనాల్లో పరిచయమైన మనిషి, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం మానుకుని మరీ పెట్టాడు అన్నావు. కేంద్రం అంటే సాయిప్రకాష్ గారి మూడంతస్తుల ఇంటి కింద సెల్లారు. కిటికీ లేదు. ఇరవై రెండు గాజు ట్యాంకులు, నీళ్ళు చల్లబరిచే మిషను ఒకటి, గాలి కొట్టే బ్లోయరు ఒకటి, మడతమంచం ఒకటి, నేనొకణ్ణి. సముద్రం ఇక్కడికి సంచుల్లో వస్తుంది. దీపు భయ్యా అని నలభై ఏళ్ళ మనిషి వారానికోసారి టెంపోలో ఉప్పు దించి పోతాడు. ఫిల్టరు నీళ్ళలో అది కలిపి సముద్రాన్ని నేను తయారుచేస్తాను. వాసన మాత్రం రాదు.

ఫోను మెట్ల దగ్గర బీరువాలో పెట్టాలి. ఫొటోలు బయటికి పోతే ఐడియా పోతుందంట. ఆదివారం పది నిమిషాలు ఇస్తారు, అదీ ఆయన ఎదురుగా, స్పీకరు పెట్టి. అందుకే నీతో బాగున్నాను అంటాను. బాగాలేను. ఆ మాట చెప్పడానికి కాగితం కావాల్సొచ్చింది. దీపు భయ్యా దీన్ని పోస్టు చేస్తాడు. జవాబు అతని ఉప్పు కొట్టు అడ్రసుకి రాయి, కవరు వెనక ఉంది.

సముద్రపు గుర్రాన్ని నువ్వు చూసుండవు. వేలెడంత చేప. తల గుర్రానిది, తోక కోతిది. ఆ తోకతో దేన్నో ఒకదాన్ని చుట్టుకోకపోతే నీళ్ళలో నిలవలేదు. అందుకని ట్యాంకుల్లో ప్లాస్టిక్ గొలుసులు వేలాడదీశాను. రోజంతా వాటినే పట్టుకుని ఉంటాయి. చూసేవాళ్ళకి గొలుసుతో కట్టేసినట్టు ఉంటుంది గానీ, పట్టుకున్నది అవే.

ఇంకో సంగతి. దీనికి కడుపు లేదు. నిజంగానే లేదు. నోట్లోంచి నేరుగా పేగులోకి, అంతే. తిన్నది నిలవదు కాబట్టి రోజుకి ఐదుసార్లు పెట్టాలి. ఆరింటికి, పదింటికి, ఒంటిగంటకి, నాలుగింటికి, ఎనిమిదింటికి. చచ్చిన మేత ముట్టదు. ఆర్టీమియా అని ఉప్పునీళ్ళలో పుట్టే నలుసంత పురుగు, రొయ్యల హేచరీలో నేను నాలుగేళ్ళు పొదిగించింది అదే. దాన్ని రోజూ పొదిగించి, కడిగి, బతికుండగానే వెయ్యాలి. గేటుకి తాళం వేస్తారా అని అడుగుతావు నువ్వు. వెయ్యరు. అక్కర్లేదని ఆయనకి తెలుసు. ఆదివారం ఎక్కడికైనా వెళ్ళి రావయ్యా అంటాడు నవ్వుతూ. ఎలా వెళ్తాను?

అసలు కోపం ఇది కాదు. నేను వచ్చేసరికి పిల్లలు వారం తిరక్కుండా చచ్చిపోయేవి. పైకి తేలి గాలి మింగి, పక్కకి ఒరిగి పోయేవి. పదో తరగతి చదివినవాణ్ణి, ఇంగ్లీషు కాగితాలు ఫోన్లో తెలుగులోకి మార్చుకుని ఉప్పాడలోనే ఎన్నో చదివాను. ట్యాంకు పైన నల్లగుడ్డ కప్పి, దీపం పక్కనుంచి పెట్టాను. వెలుగున్న వైపే దిగాయి. బతికాయి. ఇప్పుడు సూటువాళ్ళు ఎవరో వస్తే సాయిప్రకాష్ గారు "నా పద్ధతి" అని చూపిస్తాడు. నేను పక్కనే బక్కెట్టు పట్టుకుని నిలబడి ఉంటాను.

ఉప్పాడలో ఒక పద్ధతి ఉంది. బ్యాచి ఇరవై రోజులు దాటి నిలిస్తే, పెంచినవాడి పేరు ట్యాంకు మీద సుద్దతో రాస్తారు. ఓనరైనా సరే "క్రాంతి ట్యాంకు" అనాల్సిందే. నాకు అది కావాలి. బోర్డు మీదా, రికార్డులోనూ. ఇంగ్లీషులో గట్టిగా ఒక అర్జీ రాసి పంపు. సంతకం నేను పెడతాను.

క్షేమం. నువ్వూ సాత్వికా ఎలా ఉన్నారు?

నీ మేనల్లుడు
క్రాంతి

* * *

ఆర్.కె. పురం
24 జూలై 2025

ఒరే క్రాంతీ,

నీ ఉత్తరం అందిన రోజే మా క్వార్టరు బాత్రూం పైకప్పు పెచ్చులూడి పడింది. రెండింట్లో దేని చప్పుడు ఎక్కువో చెప్పలేను.

ఉప్పాడలో మూడు హేచరీలు మారావు. మూడు చోట్లా సూపర్‌వైజరుదే తప్పు. ఇప్పుడు సాయిప్రకాష్ గారిది తప్పు. చల్లటి గదిలో, ఎండ తగలకుండా, చేపలకి మేత వేసే ఉద్యోగం రా అది. ఇక్కడ నేను జూలైలో రెండు బస్సులు మారి ఆఫీసుకి పోతున్నాను, నన్ను ఎవరైనా సెల్లారులో పెడితే దణ్ణం పెడతాను. ఫోను తీసుకుంటే తీసుకున్నాడు. నీ వయసు వాళ్ళకి అదీ ఒక మేలే.

పేరు విషయంలో మాత్రం నేను నీ పక్షం. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను రాసిన నోట్లు ఎన్ని పైవాళ్ళ సంతకాలతో మంత్రి దాకా వెళ్ళాయో నాకు తెలుసు. ఫైలు మీద పేరు లేని మనిషి ఆఫీసులో లేనట్టే లెక్క. అందుకని ఆదివారం పూట కూర్చుని నీ అర్జీ రాశాను. టైపు చేయించలేదు, చేత్తోనే రాశాను. చేతిరాతలో మనిషి కనపడతాడు.

నీకు అర్థం కావాలి కదా, తెలుగులో చెబుతాను: "ఈ జీవులన్నీ నా స్వాధీనంలో, నా సంరక్షణలో ఉన్నాయి. వీటిని పుట్టించి పెంచుతున్నది నేనే. వీటి మంచిచెడ్డలన్నింటికీ పూర్తి బాధ్యత నాదే. కనుక అన్ని రికార్డుల్లోనూ నా పేరే ఉండాలని కోరుతున్నాను." ఎలా ఉంది? మా సెక్షన్లో ఇలాంటి నోటు కనపడితే పైవాడికి చెమట పడుతుంది. కింద సంతకం పెట్టి ఇవ్వు. గొంతు పెంచకు. కాగితం ఇచ్చి ఊరుకో, కాగితమే మాట్లాడుతుంది.

ఆగస్టు 31 ఆదివారం సాత్విక పుట్టినరోజు. లా కాలేజీలో చేరాక దానికి ఇంటి తిండి పనికిరావడం లేదు, అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనం అయితే వస్తానంటోంది. నువ్వు కూడా రా. పన్నెండున్నరకి. గోంగూర ఉంటుంది.

అత్త
ఉమారాణి

* * *

ఆర్.కె. పురం
1 సెప్టెంబర్ 2025

క్రాంతీ,

రెండు గంటలు. నీ టోకెను కూడా తీసుకుని, కుర్చీ మీద నా బ్యాగు పెట్టి, అడిగిన ప్రతివాడికీ మనిషి వస్తున్నాడని చెబుతూ రెండు గంటలు కూర్చున్నాను. చివరికి సర్వరు వచ్చి కుర్చీ తీసుకుపోయాడు. సాత్విక ఒకే ముక్క అంది, "మమ్మీ, భయ్యా నహీ ఆయేగా." ఇక నువ్వు రావని. దానికి హిందీలోనే కోపం వస్తుంది.

గేటుకి తాళం లేదని నువ్వే రాశావు. అంటే రాలేక కాదు, రావాలని లేక.

ఉమారాణి

* * *

గ్రేటర్ నోయిడా
7 సెప్టెంబర్ 2025

అత్తా,

పదింటి మేత వేసి, ఒంటిగంటది ఆలస్యమైనా సరే అనుకుని చొక్కా వేసుకున్నాను. మెట్లెక్కాను. ఏదో అనుమానం వచ్చి వెనక్కి దిగి చూస్తే తొమ్మిదో ట్యాంకులో మగది గొలుసు వదిలేసి ముందుకీ వెనక్కీ వంగుతోంది.

వీటిలో మోసేది మగది. ఆడది గుడ్లు దాని పొట్టసంచిలో పెట్టి వెళ్ళిపోతుంది. మూడు వారాలు మోసి, ఆ సంచిని కుదిపి కుదిపి పిల్లల్ని బయటికి తోస్తుంది. ఒక్కో కుదుపుకి పది, ఇరవై, పొగలాగా వస్తాయి. అన్నీ తల్లిదండ్రుల రూపంలోనే, వెంట్రుక మందాన. వచ్చిన నిమిషం నుంచీ తోకతో పట్టుకోడానికి ఏదో ఒకటి వెతుక్కుంటాయి. ఏమీ దొరక్కపోతే ఒకదాని తోక ఒకటి పట్టుకుంటాయి. నల్లగుడ్డ కప్పి, దీపం మార్చి, మేత వేసి, లెక్కపెట్టేసరికి మూడు దాటింది. నాలుగు వందల పన్నెండు. ఫోను బీరువాలో ఉంది, తాళంచెవి సాయిప్రకాష్ గారి జేబులో ఉంది, ఆయన గుర్గావ్‌లో ఉన్నాడు. నువ్వు కుర్చీ మీద బ్యాగు పెట్టుకుని కూర్చుని ఉంటావని నాకు తెలుసు. తెలిసి కూడా రాలేకపోవడం ఎలా ఉంటుందో నువ్వు రాసిన నాలుగు ముక్కల్లో లేదు.

సాత్వికకి చెప్పు. హిందీలో చెప్పు, నాకు అంతగా రాదు.

ఇక నీ అర్జీ. పని చేసింది. కాగితం చదివి నిదానంగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నవ్వి భుజం తట్టాడు. "ఎవరు రాశారు, భలే రాశారే, నువ్వు అడగడమే ఆలస్యం" అన్నాడు. వారంలో ట్యాంకులన్నింటికీ బోర్డులు వచ్చాయి. సుద్దతో కాదు, పెయింటుతో. బ్యాచి 1, క్రాంతి. బ్యాచి 2, క్రాంతి. నన్ను ఇన్‌ఛార్జి చేశాడు. ఆరు కాగితాల మీద సంతకాలు తీసుకున్నాడు, కొన్ని హిందీ, కొన్ని ఇంగ్లీషు. నాకూ ఒక సెట్టు ఇచ్చాడు. ట్రంకుపెట్టెలో భద్రంగా పెట్టాను. మా నాన్న బతికుంటే చూపించేవాణ్ణి. చేపల వేలంలో నలభై ఏళ్ళు బుట్టలు మోసిన మనిషి, ఎక్కడా ఆయన పేరు రాసినవాడు లేడు.

పెద్దవాటిని అక్వేరియాలకి ఇస్తారంట. గాజు అద్దాల వెనక, పిల్లలు చూసే చోట. కింద నా పేరు ఉంటుందో లేదో అడగాలి.

క్రాంతి, ఇన్‌ఛార్జి

* * *

ఆర్.కె. పురం
5 అక్టోబర్ 2025

ఇన్‌ఛార్జి గారికి,

సాత్విక నిన్ను క్షమించింది. నాలుగు వందల పన్నెండుకీ పేర్లు పెట్టమని అడిగింది.

నేను సాయిప్రకాష్ గారికి ఫోను చేసి థాంక్స్ చెప్పాను. నువ్వు చెయ్యవు కాబట్టి ఎవరో ఒకరు చెయ్యాలి. ఎంత మర్యాదగా మాట్లాడాడో. "మీరు అడిగినట్టే మేడమ్, ప్రతి కాగితం క్రాంతి పేరు మీదే చేయించాను, నా పేరు ఎక్కడా లేదు" అన్నాడు. అర్జీ రాసింది నేనేనని కూడా కనిపెట్టాడు. ఈ రోజుల్లో కింద పనిచేసేవాడికి అంత పేరు ఇచ్చే యజమాని ఎవడురా? నువ్వు తిట్టడం తగ్గించు.

లంచ్‌లో మా వాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాను. పక్క సెక్షన్ మాణిక్యం గారు చెంచా ఆపి, "అది పెంచడానికి పర్మిషన్ ఉందా అమ్మా? పులి ఉన్న పట్టికలోనే అదీ ఉన్నట్టు గుర్తు" అన్నారు. ఆయన రిటైర్మెంటుకి మూడు నెలలు, ప్రతిదానికీ భయమే. పులెక్కడ, వేలెడు చేపెక్కడ. అయినా ఒకసారి ఆ కాగితాల నకలు పంపు, సాత్విక చూస్తుంది. తొందరేం లేదు.

దీపావళి స్వీట్లు దీపు చేతికి ఇస్తున్నాను. కాజూ బర్ఫీ అతనికి, మిగతాది నీకు.

అత్త

* * *

గ్రేటర్ నోయిడా
16 నవంబర్ 2025

అత్తా,

బయట పొగ నీకు తెలుసు. నాకు సెల్లారులో ఉండి తెలిసింది. బ్లోయరు గాలి పీల్చేది డాబా మీంచి. ఆ గాలి ట్యాంకుల్లోకి వస్తుంది. పోయిన వారం నురగ తీసే గిన్నెలో నల్లటి జిడ్డు కట్టింది. రెండు రోజుల్లో పద్దెనిమిది చచ్చాయి. ఢిల్లీ గాలి పీల్చడానికి వాటికేం ఖర్మ.

గాలి గొట్టానికి బొగ్గు ఫిల్టరు కట్టాలని డాబా ఎక్కాను. తొమ్మిది నెలల్లో మొదటిసారి. సాయిప్రకాష్ గారు ఊళ్ళో లేడు, పనావిడ తలుపు తీసింది.

రేకుల షెడ్డు కింద నులకమంచం మీద దోమతెర పరిచి ఉంది. దాని మీద నా గుర్రాలు. వరసలుగా, ఎండబెట్టి. తోకలు చుట్టుకునే ఉన్నాయి, పట్టుకోడానికి ఏమీ లేకపోయినా. ఉప్పాడలో నెత్తళ్ళ చేపలు ఎండబెడతారు, ఆ వాసన నాకు అన్నం వాసనలాంటిది. ఇక్కడ అదే వాసన వచ్చింది. ఇన్నాళ్ళకి సముద్రం వాసన వచ్చింది.

పక్కన అట్టపెట్టెల్లో ప్యాకెట్లు. ఎక్కడో మందుల్లో వాడతారంట, పనావిడ చెప్పింది. ఏ మందో ఆమెకి తెలీదు. ప్రతి ప్యాకెట్టు మీదా చీటీ ఉంది. బ్యాచి 1, క్రాంతి. బ్యాచి 2, క్రాంతి. నేనడిగిన పేరు. అక్షరం పొల్లుపోకుండా.

ఫిల్టరు కట్టి కిందికి దిగాను. పదిగంటల మేత టైమయింది. వేశాను. ఏం చెయ్యను?

అక్వేరియాలన్నీ అబద్ధం. నెలనెలా పెద్దవాటిని తడిసంచుల్లో పెట్టి నేనే మెట్లదాకా మోసి ఇచ్చాను. జాగ్రత్తండీ, కుదపకండి అని కూడా చెప్పాను.

కాగితాలు పంపుతున్నాను. తొందరగా చూడండి.

క్రాంతి

* * *

ఆర్.కె. పురం
24 నవంబర్ 2025

క్రాంతీ,

సాత్విక రెండుసార్లు చదివింది. మొదటిసారి గబగబా, రెండోసారి నా చెయ్యి పట్టుకుని.

ఒక కాగితం అద్దె ఒప్పందం. ఆ సెల్లారుని సాయిప్రకాష్ దగ్గర నువ్వు అద్దెకి తీసుకున్నట్టు. ఇంకోటి ప్రమాణపత్రం. లోపలున్న జీవులూ సామానూ మొత్తం నీవేననీ, ఇంటి యజమానికి వాటి సంగతే తెలియదనీ. దానికి జతచేసింది నా అర్జీ. నా స్వాధీనంలో, నా సంరక్షణలో, పూర్తి బాధ్యత నాదే. మాణిక్యం గారు చెప్పింది నిజం. పులికి ఏ చట్టమో దీనికీ అదే. పెంచడానికి అనుమతి కావాలి, ఆ సెట్టులో అలాంటి కాగితం ఒక్కటీ లేదు. దొరికితే జైలు. దొరికేది నువ్వు.

నేను అంత బాగా రాయకుండా ఉండాల్సింది.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. గురువారం దీపు ఉప్పు దించగానే అదే టెంపోలో ఎక్కి వచ్చెయ్. బట్టలు కూడా వద్దు. రెండు రోజులు మా ఇంట్లో ఉండి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కు. ఎవరైనా అడిగితే కాగితాలు చదవకుండా సంతకం పెట్టానని చెప్పు. ఆ అర్జీ ఎవరు రాశారంటే తెలీదను. దయచేసి ఆ ఒక్కమాట. నా సర్వీసు ఇంకా ఏడేళ్ళు ఉంది. ఒక ప్రభుత్వోద్యోగి చేత్తో రాసిన కాగితం అలాంటి కేసులో ఉంటే పెన్షన్ మాట అటుంచు, సాత్విక చదువు కూడా ఆగుతుంది.

ఆలోచించకు. వచ్చెయ్.

అత్త

* * *

గ్రేటర్ నోయిడా
30 నవంబర్ 2025

ఉమారాణి గారికి,

గురువారం దీపు భయ్యా టెంపో వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "చల్ భాయ్, బైఠ్ జా" అన్నాడు. నేను ఎక్కలేదు.

మీకు అర్థమయ్యేలా రాస్తాను, నాకు నోట్ రాయడం రాదు. ఇక్కడ ఇప్పుడు రెండు వందల ముప్ఫై ఒకటి బతికున్నాయి. వాటికి కడుపు లేదని జూలైలోనే రాశాను. నేను టెంపో ఎక్కితే పెద్దవి నాలుగు రోజులు, పిల్లలు రెండు. సాయిప్రకాష్‌కి ఆర్టీమియా పొదిగించడం రాదు. వాడు చచ్చినవాటిని డాబా ఎక్కిస్తాడు, నా పేరు అంటిస్తాడు. నేను పారిపోతే ఇక్కడ మిగిలేది నా పేరు ఒక్కటే. దాని పక్కన నిలబడి నేను కాదు అనడానికి నేను కూడా ఉండను.

తెలీదను అన్నారు. అంటాను. పోలీసులు అడిగితే, ఎవరో దారినపోయే మనిషి నా కోసం ఆదివారమంతా కూర్చుని రాసిందని చెబుతాను. చేతిరాతలో మనిషి కనపడతాడని ఆవిడే రాసింది.

కోపంలో రాస్తున్నాను. కోపం తగ్గాక కూడా ఇదే రాస్తాను.

నేను చేసేది చెబుతాను. అడవిశాఖ వాళ్ళకి నేనే ఫిర్యాదు రాశాను, తెలుగులో. ఎక్కడుందో, ఎన్ని ఉన్నాయో, డాబా మీద ఏముందో, అంతా. మొదటి వాక్యం "వీటిని పెంచింది నేనే". అది అబద్ధం కాదు, అది మాత్రం కొట్టెయ్యను. ఈ కవర్లోనే పెట్టాను. హిందీలోకి మార్చి ఇచ్చే మనిషి కావాలి. మీకు కుదరకపోతే దీపు భయ్యాకి తిరిగి ఇచ్చెయ్యండి, ఇంకో దారి వెతుక్కుంటాను. వచ్చేవాళ్ళతో ఉప్పునీళ్ళ సంగతి తెలిసినవాడు ఒకడు ఉండాలని చెప్పండి. కరెంటు తీసి సీలు వేస్తే గంటలో అన్నీ పోతాయి.

అప్పటిదాకా రోజుకి ఐదుసార్లు నేను ఇక్కడే ఉంటాను.

పి. క్రాంతి

* * *

9 డిసెంబర్ 2025

క్రాంతీ,

దీపు ఇప్పుడే బయల్దేరుతున్నాడు, నాలుగు ముక్కలే.

వారం రోజులు నీ ఫిర్యాదు నా ఆఫీసు సొరుగులో ఉంది. ఎనిమిదో రోజు సెలవు పెట్టి వెళ్ళాను. సాత్విక హిందీలోకి మార్చింది, నేను చేత్తో రాశాను, అదే చేత్తో. అర్జీ నకలు చూసి ఆఫీసరు "యే కిస్‌కీ లిఖావట్ హై" అన్నాడు, ఈ చేతిరాత ఎవరిదని. నాది అన్నాను. పేరు, హోదా, ఆఫీసు, అన్నీ రాయించుకున్నాడు.

ఎల్లుండి వస్తారు. కరెంటు తియ్యొద్దని పదిసార్లు చెప్పాను, పదకొండోసారి కసిరాడు.

ఉమారాణి గారికి అని మాత్రం ఇంకెప్పుడూ రాయకు.

అత్త

* * *

గ్రేటర్ నోయిడా
21 డిసెంబర్ 2025

అత్తా,

ఆ రోజు నువ్వు గేటు బయటే ఉన్నావని తర్వాత తెలిసింది. లోపలికి రానివ్వలేదంట. అయితే జరిగింది నేనే చెప్పాలి.

సాయిప్రకాష్ ముందురోజే హైదరాబాద్ పోయాడు. ఎవరు చెప్పారో. వాడి లాయరు మాత్రం గంటలో దిగాడు. మా క్లయింటు ఇంటి యజమాని మాత్రమే, సెల్లారు ఈ అబ్బాయిది అన్నాడు. ఆఫీసరు నా ఫిర్యాదు, అర్జీ, నీ వాంగ్మూలం మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. డాబా మీదవి లెక్కపెట్టి మూట కట్టారు. పదకొండు వందల నలభై. నేనూ పక్కన నిలబడి లెక్కపెట్టాను, వాళ్ళు రెండుసార్లు తప్పారు.

బతికున్నవాటి దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగిపోయారు. కేసు సొత్తు, తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళి పెట్టుకోడానికి తమ దగ్గర ఉప్పునీళ్ళ జాగా లేదన్నాడు ఆఫీసరు. తీరం నుంచి సముద్రజీవుల సంస్థవాళ్ళు రావాలి, కోర్టు ఒప్పుకోవాలి, నెలో రెండు నెలలో. అప్పటిదాకా ఎవరు చూస్తారని అడిగి, తనే నా వైపు చూశాడు. సుపుర్ద్‌నామా అని ఒక కాగితం రాశారు. కేసు సొత్తుని జాగ్రత్త చెయ్యమని ఒకరికి అప్పగించే కాగితం. సాక్షివో ముద్దాయివో తర్వాత తేలుస్తాం, ముందు వీటిని చావనివ్వకు అన్నాడు.

ఈసారి సంతకం ముందు చదివించుకున్నాను. ఏముందో చెప్పనా? ఈ జీవులు నా స్వాధీనంలో, నా సంరక్షణలో ఉన్నాయి. పూర్తి బాధ్యత నాదే. నీ వాక్యమే. వాళ్ళ హిందీ నీ ఇంగ్లీషంత బాగాలేదు.

అదే సెల్లారు, అదే మంచం, అదే ఐదుసార్లు. ఫోను కూడా కేసు సొత్తయింది, సంచిలో వేసి లక్కముద్ర వేశారు. తేడా ఒక్కటే, ఇప్పుడు గేటు దగ్గర గార్డు ఉన్నాడు, అనుమతి లేకుండా దాటకూడదు. ఇదివరకు తాళం లేదు, నేనే వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్ళనివ్వరు. ఏది నయమో ఆలోచిస్తున్నాను.

ఆదివారాలు పదకొండు నుంచి ఐదు దాకా వెళ్ళొచ్చంట, నా పూచీ రాసిచ్చిన మనిషి ఎవరైనా లోపల కూర్చుని మేత చూసుకుంటే. ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. నిన్ను అడగడం లేదు. సస్పెండు చేశారని దీపు భయ్యా చెప్పాడు. నా వల్ల అయింది చాలు.

సాత్వికకి చెప్పు, పేర్లు పెట్టలేదని. పెట్టకపోవడమే మంచిదయింది.

క్రాంతి

* * *

సెల్లారు
4 జనవరి 2026, ఆదివారం

ఒరే క్రాంతీ,

నువ్వు వచ్చాక చదువుకోడానికి నీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. నాకు రాయడం తప్ప వేరే కాలక్షేపం రాదు.

నువ్వు గేటు దాటేటప్పుడు మెట్ల మీంచి చూశాను. రోడ్డు మీద కాసేపు అలాగే నిలబడ్డావు, ఎటు తిరగాలో తెలియనట్టు. తర్వాత ఎడమవైపు తిరిగావు. మెట్రో కుడివైపు అని కేక వేద్దామనుకుని ఊరుకున్నాను.

ఒంటిగంట మేత వేశాను. నువ్వు గీసిన గీతదాకానే. రెండో ట్యాంకులో కొంచెం ఎక్కువ పడిందేమో. తిన్నాయి.

రెండూ ఇరవైకి తొమ్మిదో ట్యాంకులో పెద్దది గొలుసు వదిలేసి వంగడం మొదలుపెట్టింది. నీ ఉత్తరంలో చదివాను కాబట్టి పోల్చుకున్నాను. నల్లగుడ్డ ఎక్కడుందో వెతికి కప్పేసరికి మొదటి పొగ వచ్చేసింది. దీపం పక్కకి తిప్పాను. చీరంతా ఉప్పునీళ్ళు. మధ్యలో గార్డు వచ్చి టీ తాగుతారా ఆంటీ అని అడిగాడు. తల తిప్పకుండానే వద్దన్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలీదు. తల ఎత్తి చూసేసరికి నాలుగు దాటింది. ఆ మేత ఆలస్యంగా వేశాను.

నేను అశోకా రోడ్డులో కూర్చున్నది రెండు గంటలు. నువ్వు నిలబడ్డది ఎన్ని గంటలో ఇవాళ తెలిసింది. ఆ రోజు కోపంగా రాసిన ఉత్తరం నీ దగ్గర ఉంటే చించెయ్. అర్జీ గురించి చెప్పాల్సింది వేరే ఉంది, అది ఎదురుగానే చెబుతాను.

నీ మేత పుస్తకంలో "వేసినవారు" అన్న గడి ఉంది. పది నెలలుగా అన్ని గళ్ళలోనూ క్రాంతి, క్రాంతి, క్రాంతి. ఇవాళ రెండు గళ్ళలో నా పేరు రాశాను. హోదా రాయబోయి ఆగాను, ప్రస్తుతానికి లేదు కదా. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసి, సంతకం పెట్టి, తేదీ వేశాను. పిల్లల్ని లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. ఆ గడి నీకు వదిలేశాను.

అశోకా రోడ్డు నుంచి తెచ్చిన భోజనం స్టీలు క్యారియర్లో ఉంది. గోంగూర పై గిన్నెలో.

ఇప్పుడు ఐదూ నలభై. గార్డు రెండుసార్లు వచ్చి చేతి గడియారం చూపించాడు. ట్రాఫిక్ అన్నాను. మూడోసారి వస్తే ఏమనాలో ఆలోచిస్తున్నాను. పూచీ కాగితం మీద నా సంతకం ఉందని నీకు తెలుసు, నేను గుర్తుచెయ్యను. ఎడమవైపు రోడ్డు ఎక్కడిదాకా పోతుందో నాకు తెలీదు. నడవాలనిపించినంత దూరం నడిచి చూడు.

ఎనిమిది గంటల మేత నేను వెయ్యగలను. దానికి కావాల్సినవి పొదిగించి పెట్టే వెళ్ళావు.

రేపు ఆరింటిది నాకు చేతకాదు.

అత్త